కరోనా కాలపు నిరుద్యోగం: అపోహలు - వాస్తవాలు

అపోహ: "నిరుద్యోగ రేటు తగ్గిందంటే పోయిన ఉద్యోగాలు తిరిగొచ్చినట్టే."

కానే కాదు. అన్నిటికంటే ఎక్కువ చేటు చేసింది ఈ మాటే. పని పోయి ఇంట్లో ఉన్నవాళ్లు "అందరికీ దొరికింది, నాకే దొరకలేదు" అని కుంగిపోయింది ఇలాంటి హెడ్డింగులు చూసే.

లెక్క చూడండి. ఒక ఊళ్లో పదిహేనేళ్లు నిండినవాళ్లు 100 మంది. 37 మందికి పనుంది, ముగ్గురు వెతుక్కుంటున్నారు. ఈ రెండు రకాలవాళ్లూ కలిసి శ్రామిక శక్తి 40. అందులో పని వెతుక్కునేవాళ్ల వాటాయే నిరుద్యోగ రేటు, అంటే 7.5 శాతం. లాక్‌డౌన్‌లో ఐదుగురికి పని పోయింది. ఆ ఐదుగురూ, పాత ముగ్గురిలో ఇద్దరూ "ఇప్పట్లో పని వద్దులే" అని లెక్కలోంచే తప్పుకున్నారు. మిగిలింది 32 మంది పనివాళ్లు, వెతికేవాడొకడు. 33లో ఒకడంటే రేటు 3 శాతం! ఐదుగురి పొట్ట కొట్టి మరీ తగ్గింది.

రేటు తగ్గడానికి ఇంకో దారి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం చేసే ఉపాధి సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఎక్కువగా కనిపించింది అదే. హైదరాబాద్‌లో జీతం పోయిన కుర్రాడు ఊరెళ్లి నాన్న పొలంలో కలుపు తీస్తే, కూలి రూపాయి అందకపోయినా ఉపాధి ఉన్నట్టే లెక్క. వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం, 2020-21కి 46.5. అదే సమయంలో నిరుద్యోగ రేటు 5.8 నుంచి 4.2కి దిగింది. దీన్ని కోలుకోవడం అంటామా?

కాబట్టి రేటు పక్కన పనిచేసేవారి నిష్పత్తి, నెలజీతగాళ్ల వాటా, జీతం లేని కుటుంబ సహాయకుల వాటా కూడా చూడండి.

అపోహ: "ప్రైవేటు సర్వే సంస్థ సీఎంఐఈ నిరుద్యోగం 23 శాతం పైన అంది, ప్రభుత్వం 5 లోపు అంది. ఎవరో అబద్ధమాడారు."

అబద్ధం ఎవరిదీ కాదు, లెక్కించిన కాలాలే వేరు. సీఎంఐఈది 2020 ఏప్రిల్ ఒక్క నెల లెక్క. ప్రభుత్వానిది అప్పట్లో జులై నుంచి జూన్ దాకా, 365 రోజుల్ని వెనక్కి తిరిగి చూసే లెక్క. రెండు నెలల దెబ్బ అందులో కరిగిపోతుంది. అదే పీఎల్‌ఎఫ్‌ఎస్‌లోని గత వారం రోజుల లెక్కన చూస్తే 2020 ఏప్రిల్-జూన్‌లో పట్టణ నిరుద్యోగం దాదాపు 21 శాతం.

అపోహ: "ఉపాధి హామీ పనిదినాలు పెరిగాయి, మంచిదేగా."

2020-21లో 389 కోట్ల పనిదినాలు. వేరే పని దొరకనివాళ్లు గడ్డపార పట్టారని అర్థం.

అపోహ: "పీఎఫ్‌లో చేరికలు పెరిగితే అన్నీ కొత్త ఉద్యోగాలే."

మానేసి మళ్లీ చేరినవాళ్లు, సిబ్బంది 20 మందికి చేరి కొత్తగా పీఎఫ్ పరిధిలోకొచ్చిన సంస్థల పాత ఉద్యోగులు కూడా అందులోనే ఉంటారు.