బి గ్రూపు రక్తం, రోమాల పుట్టిల్లు

యూరప్‌లోని రోమాలు, అంటే జిప్సీలని పిలిచే జనం, మనవాళ్లేనంటూ వాట్సాప్‌లో మెసేజ్ వచ్చినప్పుడల్లా చివర్లో 'రక్తపరీక్షలో కూడా తేలింది' అని ఓ తోక ఉంటుంది. అసలు ఆ రక్తం కథ ఎక్కడ మొదలైందో చూద్దాం.

ముందు ఆచూకీ పట్టిచ్చింది రక్తం కాదు, భాష. 1780లలోనే జర్మనీలో రూడిగర్, గ్రెల్‌మాన్ అనే పండితులు రోమాల భాష రోమానీని హిందుస్తానీ పక్కన పెట్టి చూసి, వీళ్ల మూలాలు భారత్‌లో ఉన్నాయన్నారు.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. గ్రీసులోని సలోనికా నగరంలో అన్ని దేశాల సైనికులూ పోగయ్యారు, బ్రిటిష్ సైన్యంలోని భారతీయులతో సహా. ఇంతకన్నా మంచి అదను దొరకదనుకున్న డాక్టర్లు హిర్ష్‌ఫెల్డ్ దంపతులు వాళ్ల రక్తం గ్రూపులు తీసి 1919లో లెక్కలు బయటపెట్టారు. పశ్చిమ యూరప్ వాళ్లలో 'ఏ' గ్రూపు ఎక్కువ, భారతీయుల్లో 'బి' ఎక్కువ, నూటికి 41 మంది. అది చదివి హంగరీలోని డెబ్రెట్సెన్‌లో వెర్జార్, వెసెట్స్‌కీ అనే ఇద్దరు అక్కడి హంగేరియన్లనూ, జర్మన్ సంతతివాళ్లనూ, రోమాలనూ విడివిడిగా పరీక్షించారు. జర్మన్లలో బి నూటికి 13 లోపు, రోమాల్లో 39 దాకా! ఒకే దేశంలో తరాల తరబడి బతుకుతున్నా రక్తం లెక్క కలవలేదు.

లెక్క బాగానే ఉంది, కానీ దాంతోనే తీర్పు చెప్పేయలేం. బి గ్రూపు మధ్య ఆసియాలోనూ ఎక్కువే, పైగా ఏబీఓ అంటే ఒకే ఒక్క జన్యువు. మీది బి గ్రూపు అయినంత మాత్రాన మీ తాత ఏ ఊరివాడో అది చెప్పదు.

ఈ రక్తం పిచ్చి ఎటు పోయిందో కూడా చెప్పుకోవాలి. 1936 నుంచి నాజీ జర్మనీలో రాబర్ట్ రిట్టర్ బృందం రోమాల పుర్రెలు కొలిచి, రక్తం తీసి, వంశవృక్షాలు రాసింది. ఆ జాబితాలే వాళ్లను నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌కు పంపడానికి పనికొచ్చాయి. సైన్స్ పేరుతో జరిగిన ఘోరాల్లో దీన్ని పక్కన పడేయడం నాకు మింగుడుపడదు.

గట్టి ఆధారం డీఎన్ఏతో వచ్చింది. 2012లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ బృందం, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లోని ఎం82 అనే గుర్తును పట్టుకుని వాయవ్య భారతం దాకా వెళ్లింది. వాళ్లు వేలు చూపింది డోమ్ అనే ఉత్తర భారత దళిత సముదాయాల వైపు. మన దగ్గర లంబాడీలే రోమాలని చెప్పుకునేవాళ్లు ఇది గమనించాలి. అదే ఏడాది యూరప్ పరిశోధకులు జన్యువులన్నీ కలిపి చూసి, వలస సుమారు 1,500 ఏళ్ల కిందట మొదలైందన్నారు.

అయితే ఇలాంటి అధ్యయనాలకు నమూనాలు ఎలా సేకరించారన్నది వేరే గొడవ. రోమాల అనుమతి సరిగ్గా తీసుకోకుండానే చాలా పరిశోధనలు జరిగాయని 2021లో జర్మనీ పరిశోధకులు ఎత్తిచూపారు.