సీసాలో ఉన్నది ఏ ఊరి పాము విషం?

అనంతపురం, కర్నూలు పల్లెల్లో తొలకరి పడింది మొదలు బుడ్డలు (వేరుశనగ) పీకి కట్టె వామి వేసేదాకా పాముకాట్ల కాలమే. పీహెచ్‌సీలో 'పాము ఇంజక్షన్' ఉందా లేదా అన్నదే అందరూ అడిగే మాట. ఆ ఇంజక్షన్ ఏ ఊరి పాము విషంతో తయారైందని అడిగేవాళ్లు తక్కువ. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు లెక్క చూద్దాం. మన దేశంలో తయారయ్యే విరుగుడు నాలుగు పాములకు పనిచేస్తుంది. ఒక మిల్లీలీటరు మందు నాగుపాము, రక్తపింజరి విషాల్లో ఒక్కోదాన్ని 0.6 మిల్లీగ్రాములు, కట్లపాము, చిన్నపింజరి విషాల్లో ఒక్కోదాన్ని 0.45 మిల్లీగ్రాములు విరుస్తుంది. సీసాకు 10 మిల్లీలీటర్లు, అంటే రక్తపింజరి విషం 6 మిల్లీగ్రాములే. ఆ పాము ఒక్క కాటులో సగటున 60 మిల్లీగ్రాముల పైచిలుకు విషం దించుతుంది. 10 సీసాలతో మొదలుపెట్టడం అందుకే. పసిపిల్లలకైనా అదే మోతాదు. కరిచింది పిల్లవాడినని పాము విషం తగ్గించదు కదా!

ఈ మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో 1978 నుంచి నడుస్తున్న, పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్ల సహకార సంఘం నుంచే వస్తుంది. దాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లో విషాన్ని విరిచే యాంటీబాడీలు తయారయ్యాక రక్తం తీసి, అందులోని ద్రవభాగమైన ప్లాస్మా వేరుచేసి శుద్ధి చేస్తారు. ఎక్కువగా దాన్ని ఆరబెట్టి పొడిగా సీసాల్లో నింపుతారు. అయితే ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడులోని కొన్ని జిల్లాల పాముల విషంతో చేసిన విరుగుడు దూరప్రాంతాల పాముల విషం మీద అంత గట్టిగా పనిచేయడం లేదని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

చిన్న దేశాలకు ఇదే కష్టం ఇంకా పెద్దది. శ్రీలంక దశాబ్దాలుగా మన విరుగుడునే దిగుమతి చేసుకుంటోంది. అక్కడ తరచుగా కరిచే పాముల్లో ఒకటి మూపుముక్కు పింజరి. కిడ్నీలను దెబ్బతీయగల ఆ విషానికి మన సీసాలో విరుగుడు లేదు. ఆ ఒక్క పాము కోసం విడిగా మందు చేస్తే కొనేవాళ్లు ఎంతమంది? కంపెనీకి గిట్టదు. ఆఫ్రికాలో బాగా పనిచేసిన ఫావ్-ఆఫ్రిక్ మందు తయారీని ఫ్రెంచి కంపెనీ సనోఫీ 2014లో ఆపేసింది. చివరి సీసాల గడువు 2016లో తీరిపోయింది. అంతకు ముందే ఘానాలో ఒకచోట ఆ మందు బదులు భారతీయ విషంతో చేసిన చవక మందు వాడితే మరణాలు నూటికి 2 లోపు నుంచి 12కు పెరిగాయి.

చిన్న దేశమైతే చేతులెత్తేయాల్సిందేనా? మధ్య అమెరికాలోని కోస్టారికా జనాభా 50 లక్షల పైన. 2011 లెక్కల్లో పాత కర్నూలు, అనంతపురం జిల్లాలు కలిపితే 80 లక్షలు దాటాయి. ఆ చిన్న దేశంలో 1970లో పెట్టిన క్లోడోమిరో పికాడో సంస్థ విశ్వవిద్యాలయం కిందే నడుస్తూ తమ పాములకు విరుగుడు చేస్తోంది. ప్లాస్మాలో కాప్రిలిక్ ఆమ్లం కలిపితే పనికిరాని ప్రొటీన్లు అడుగుకు దిగి, యాంటీబాడీలు ద్రవంలోనే మిగులుతాయి. వడపోస్తే చాలావరకు పని అయినట్టే. ఖరీదైన యంత్రాలు అంతగా అక్కర్లేదు. సొంత మార్కెట్ చాలదు కాబట్టి మధ్య అమెరికా అంతటికీ అమ్ముతారు. నైజీరియా పాముల విషం తెప్పించుకుని ఆ దేశానికి తగిన మందూ చేసిచ్చారు.

ఇది చూశాక, మన ఎర్రనేలల చిన్నపింజరి విషాన్నీ గుర్రాలకిచ్చే మిశ్రమంలో కలపడం అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మబుద్ధి కాదు. గుర్రాలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. పాముల్ని పట్టి విషం తీయడానికి అటవీశాఖ అనుమతి, తీసిన విషాన్ని పరీక్షించి భద్రపరిచే కేంద్రం కావాలి.

అది జరిగేలోపు ఉన్న మందునే సరిగ్గా వాడుకోవాలి. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే పరీక్షకు ఒక గాజు ట్యూబు చాలు. 2 మిల్లీలీటర్ల తాజా రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. జారిపోతే విషం రక్తానికెక్కినట్టే. ఇక్కడ పొరపాట్లు జరిగేది ట్యూబు దగ్గరే. ప్లాస్టిక్‌ది వాడినా, సబ్బుపొడితో కడిగిన గాజుది వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టదు. కొత్త, పొడి గాజు ట్యూబే ఉండాలి. పొడిమందులో నీళ్లు కలిపాక సీసాను గిలక్కొట్టకూడదు, మెల్లగా తిప్పాలి. నురగ వస్తే ప్రొటీన్ చెడుతుంది. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తారు. గుర్రపు ప్రొటీన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోవచ్చు గనుక అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కనే పెట్టుకోవాలి. ఆ భయంతోనే మందు మొదలుపెట్టకుండా పెద్దాసుపత్రికి పంపేస్తే దారిలో పోయే రెండు గంటలు మళ్లీ రావు.

కట్లపాముది వేరే దారి. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపైన రెప్పలు వాలిపోవడం. ఈ విషాన్ని గాజు ట్యూబు పరీక్ష పట్టివ్వదు. విరుగుడు ఇవ్వడంతో పాటు ఊపిరి ఆడించే యంత్రం దగ్గరికి చేర్చాలి.

పింజరి కాటుకైతే ఆరు గంటలకు మళ్లీ ట్యూబు పరీక్ష చేస్తారు. గడ్డకట్టే పదార్థాలను లివర్ తిరిగి తయారుచేయడానికి ఆపాటి సమయం పడుతుంది. అప్పటికీ రక్తం జారుతుంటే ఇంకో విడత మందు కావాలి. 10 సీసాలే నిల్వ ఉన్న ఆసుపత్రి మొదటి విడత ఎక్కించాకే 108లో కర్నూలుకో అనంతపురానికో పంపాలి. ఎన్ని సీసాలు వాడారు, ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ట్యూబులో ఏం కనిపించింది అన్నవి చీటీలో రాసి పంపాలి.