శీతాకాలపు ఉష్ణమండల గాలులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చలికాలంలో ఉష్ణమండల గాలులకు పెద్దగా పనుండదు.

అసలు జోరు అప్పుడే. వేసవి ఉన్న అర్ధగోళంలో పైకి లేచిన గాలి ఎత్తులో భూమధ్యరేఖను దాటి, చలికాలం నడుస్తున్న అర్ధగోళంలో 30 డిగ్రీల అక్షాంశం దరిదాపుల్లో దిగుతుంది. ఇలా లేచి, దిగి, కింద నుంచి తిరిగొచ్చే గాలి చక్రాలే హ్యాడ్లీ వలయాలు. ఉన్న రెండింటిలో బలమైనది ఇదే.

అపోహ: భూమి వేడెక్కితే గాలుల ప్రసరణ కూడా ఊపందుకుంటుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే గాలి పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద వాన మాత్రం 2-3 శాతమే పెరుగుతుందని కంప్యూటర్ వాతావరణ మోడళ్ల లెక్క. గాలి మోసే ఆవిరి అంత పెరిగినప్పుడు, ఆ వాన కురవడానికి మునుపటంత గాలి పైకి లేవక్కర్లేదు. అంటే ప్రసరణ నెమ్మదించాలి. కానీ 1990ల నుంచి 2010ల మొదటి దాకా ఈ ప్రసరణలో భాగంగా తూర్పు నుంచి పడమరకు వీచే పసిఫిక్ వ్యాపార పవనాలు బలపడ్డాయి! అలాగని లెక్క తప్పనలేం. ఇరవై ఏళ్ల సహజమైన ఊగిసలాట దీర్ఘకాలిక మార్పును కప్పేయగలదు. అందులో సహజం ఎంత అన్నదానిపై మా వాతావరణ పరిశోధకుల్లో వాదన ఇంకా తెగలేదు.

అపోహ: డేటా మీద ట్రెండ్ గీత గీస్తే సంగతి తేలిపోతుంది.

1982-83, 1997-98, 2015-16 చలికాలాలు మూడూ బలమైన ఎల్ నినోలే. ఎల్ నినో అంటే తూర్పు పసిఫిక్ మామూలుకంటే వేడెక్కి, వ్యాపార పవనాలు బలహీనపడే దశ. లా నినా దానికి తలకిందులు. గీత వాటిలో ఒకదాని దగ్గర మొదలైతే ఒక కథ, ముగిస్తే ఇంకో కథ. నా సొంత తప్పు ఒకటి చెప్తాను. చలికాలం అంటే డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి కదా అని 1998లోని ఆ మూడు నెలలకే సగటు తీశాను. ఆ జనవరి, ఫిబ్రవరుల్లో ఎల్ నినో, డిసెంబర్‌కల్లా లా నినా! రెండూ కలిసి చప్పగా తయారయ్యాయి. తీసుకోవాల్సింది 1997 డిసెంబర్. రెండు రోజులు కోడ్‌ని తిట్టుకున్నాను, పాపం.

అపోహ: ఉష్ణమండలమంతా ఒకేలా మారుతుంది.

పశ్చిమ పసిఫిక్‌లో లేచిన గాలి తూర్పు పసిఫిక్‌లో దిగుతుంది. భూమి చుట్టూ సగటు తీస్తే ఈ వాకర్ ప్రసరణ మాయమైపోతుంది. ప్రాంతాలవారీగా చూడాల్సిందే.

అపోహ: రీఎనాలిసిస్ డేటా అంటే కొలిచిన డేటాయే.

కొలతల్ని మోడల్‌తో కలిపి అల్లినది అది. 1979కి ముందు సముద్రాల మీద ఉపగ్రహ కొలతలు బాగా తక్కువ. కొత్త పరికరం వచ్చిన ఏడాది గాలి మారకపోయినా అంకె మారొచ్చు. గ్రాఫ్‌లో ఎక్కడైనా మెట్టులా కనిపిస్తే నేను ముందు చూసేది ఆ ఏడాది ఏ ఉపగ్రహం పనిలోకి వచ్చిందనే.