వేడికి కూలబడే ఈగ

విజయవాడ పక్కనే ఉన్న నున్న మామిడి మార్కెట్‌లో బాగా మాగి పగిలిన రసాల చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఈగలు ముసురుతుంటాయి. వాటికి కావలసింది పండు కన్నా, పండు మీద పెరిగే ఈస్టు. ఈ బాపతు ఈగల్లో డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే జాతి నూరేళ్లకు పైగా జన్యుశాస్త్రవేత్తల చేతిలో నలుగుతోంది. ఒక జన్యువు చెడితే ఒంట్లో ఏది చెడిందో చూసి ఆ జన్యువు పనేమిటో తేల్చడం వాళ్ల పద్ధతి.

1910వ దశకంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, థామస్ హంట్ మోర్గన్ ప్రయోగశాలలో, రెక్క అంచు కొరికినట్టున్న ఈగలు కనిపించాయి. అన్నీ ఆడవే! చెడిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడ ఈగకు ఎక్స్‌లు రెండు. ఒకదానిలో జన్యువు చెడినా రెండోదానితో ఎలాగో నెట్టుకొస్తుంది, రెక్కకు నొక్కు పడుతుందంతే. మగదానికి ఉన్నదే ఒకటి. అది పిండ దశ దాటదు. ఈ జన్యువు పేరు నాచ్.

నా దృష్టిలో రెక్క కన్నా ఆ చచ్చిన పిండాలే విలువైనవి. 1930ల చివర్లో డొనాల్డ్ పౌల్సన్ అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలిస్తే, చర్మం కావలసిన చోట కూడా నాడీకణాలే కిక్కిరిసి ఉన్నాయి. మామూలుగా పక్కపక్కనున్న కణాల గుంపులో ఒకటి నాడీకణం కాబోతూ, తన పొర మీది డెల్టా అనే ప్రొటీన్‌తో పొరుగు కణాల మీది నాచ్ ప్రొటీన్‌ను (నాచ్ జన్యువు తయారుచేసేది ఇదే) పట్టుకుంటుంది. డెల్టాను ఆ కణం లోపలికి లాక్కునేటప్పుడు నాచ్ సాగి, తెగుతుంది. తెగిన లోపలి ముక్క పొరుగు కణం కేంద్రకంలోకి పోయి, నాడీకణం కాకుండా ఆపుతుంది. నాచ్ లేకపోతే వద్దనేవాళ్లు ఉండరు.

ఆ లాగుడు ఎంత ముఖ్యమో చూపింది షిబిరె అనే మరో జన్యువు. పొరను లోపలికి తుంచి తీసుకోవడానికి కావలసిన డైనమిన్ ప్రొటీన్‌ను తయారుచేసేది ఇదే. దీనిలో ఒక రకం ఉత్పరివర్తన (జన్యువులో వచ్చిన మార్పు) ఉన్న ఈగ చల్లగా ఉన్నంతసేపూ మామూలుగా తిరుగుతుంది. 29 డిగ్రీల వేడి తగిలితే చాలు, నాడీ సంకేతాలు నిలిచిపోయి కాళ్లు చాపి పడిపోతుంది. చల్లబరిస్తే లేస్తుంది. పిండంగా ఉన్నప్పుడు సరైన వేళకు అదే వేడి తగిలిస్తే, నాచ్ చెడినప్పటిలాగే నాడీకణాలు ఎక్కువవుతాయి. ఏ గంటలో నాచ్ సంకేతం ఆగితే ఏ అవయవం చెడుతుందో ఇలా చూడవచ్చు. ఈ ఈగలను బెజవాడలో పెంచాలంటే మాత్రం వేసవిలో చల్లబరిచే ఇంక్యుబేటర్ తప్పనిసరి: ఇక్కడి మే నెల ఎండకు ఏ ప్రయోగం చేయకుండానే సీసా అడుగున పడి ఉంటాయి.