ఒకే ప్రమాదం, రెండు ఫైళ్లు

ఇంగ్లండ్‌లో 1808 నాటి కేసు ఒకటుంది, బేకర్ వర్సెస్ బోల్టన్ అని. అప్పటికి మోటారు బండ్లు ఇంకా పుట్టలేదు. ప్రయాణికులను ఎక్కించుకున్న గుర్రపు కోచ్ బోల్తా పడింది. దాని టాప్ మీద కూర్చున్న భార్యాభర్తల్లో భర్త దెబ్బలతో బయటపడ్డాడు. భార్య నెల రోజులకు ఆసుపత్రిలో చనిపోయింది. భర్త కోచ్ యజమానుల మీద దావా వేశాడు. జడ్జి లార్డ్ ఎలెన్‌బరో ఒప్పుకున్నవి రెండే: భర్తకు తగిలిన దెబ్బలు, భార్య మంచాన ఉన్న ఆ నెలలో అతను పడిన బాధ. ఆమె ప్రాణం పోవడంతో లెక్క కూడా ఆగిపోయింది. మనిషి చావును సివిల్ కోర్టులో నష్టంగా చూపడానికి వీల్లేదన్నాడాయన. అంటే గుద్ది కాలు విరగ్గొడితే డబ్బు కట్టాలి, చంపేస్తే ఆ చావు కింద కుటుంబానికి ఏమీ కట్టనక్కర్లేదు.

డ్రంక్ అండ్ డ్రైవ్ అనగానే మనకు గుర్తొచ్చేది రోడ్డు పక్క పోలీసులు, ఊదమని నోటి ముందు పెట్టే మిషన్, ఫైను, లైసెన్సు రద్దు. అదంతా డ్రైవర్ ఫైలు. దెబ్బ తగిలినవాళ్ల ఫైలు వేరు. దానికి వేరే కోర్టు, వేరే చట్టాలు. ఈ రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదకు రావడానికి చాలా కాలం పట్టింది. బాధితుల హక్కుల కథలో సగం ఆ ఆలస్యమే.

చావుకు పరిహారం లేదన్న నియమాన్ని 1846లో బ్రిటిష్ పార్లమెంటు మార్చింది. రైళ్లొచ్చి, ఒకే ప్రమాదంలో చాలామంది పోవడం మొదలయ్యాక గానీ ఆ పని జరగలేదు. కుటుంబానికి దావా వేసే హక్కు అప్పుడొచ్చింది.

డ్రైవర్ ఫైలు 1872లో తెరుచుకుంది. ఆ ఏడాది బ్రిటన్ చేసిన లైసెన్సింగ్ చట్టం ప్రకారం తాగి గుర్రాన్నో, బండినో, పశువులనో, ఆవిరి ఇంజన్‌నో తోలితే నేరం. తాగి తూటాలు నింపిన తుపాకి పట్టుకున్నా అదే సెక్షన్. పార్లమెంటు బండినీ తుపాకినీ ఒకే వాక్యంలో పెట్టిందంటే విషయం బాగానే అర్థమైందనుకోవాలి. 1897 సెప్టెంబరులో లండన్‌లో ఒక టాక్సీ డ్రైవరు తన బండిని భవనంలోకి తోలి 25 షిల్లింగులు జరిమానా కట్టాడు. తాగి మోటారు నడిపిన తొలి కేసుగా చెప్పుకునేది ఇదే. అది కరెంటుతో నడిచే టాక్సీ!

ఎంత తాగితే తాగినట్టో మాత్రం ఆ చట్టాలు చెప్పలేదు. డాక్టరొచ్చి నోటి వాసన చూసేవాడు, నేల మీద గీసిన గీత వెంట నడిపించేవాడు, నోరు తిరగని మాటలు పలికించేవాడు. డిఫెన్స్ లాయరుకు ఇంతకంటే ఏం కావాలి? షాక్‌లో ఉన్నాడు, తలకు దెబ్బ తగిలింది, అందుకే తూలాడు అంటే సరిపోయేది. జ్యూరీలో కూర్చున్నవాళ్లలోనూ ఒక గ్లాసు పుచ్చుకుని కారులో ఇంటికెళ్లేవాళ్లు ఉండేవారు.

ఈ చిక్కును విప్పింది రసాయన శాస్త్రం. స్వీడన్‌లో ఎరిక్ విడ్‌మార్క్ 1922లో కొద్ది చుక్కల రక్తంతోనే ఆల్కహాల్ కొలిచే పద్ధతి తెచ్చాడు. తాగిన మొత్తం, శరీర బరువు, గడిచిన సమయం తెలిస్తే రక్తంలో ఎంత ఉంటుందో చెప్పే లెక్క కూడా ఆయనదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. 1936లో నార్వే రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్‌ను, అంటే 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములను, గీతగా పెట్టింది. దాటితే నేరం, తూలాడా లేదా అన్న వాదనే అక్కర్లేదు. అమెరికాలో రోలా హార్గర్ బెలూన్‌లోకి ఊదించి, ఆ గాలిని ఊదారంగు పర్మాంగనేట్ ద్రావణంలోకి పంపాడు. ఆల్కహాల్ ఉంటే రంగు వెలిసిపోతుంది. ఊపిరితోనే కొలిచే, రోడ్డు మీద పోలీసులు సులువుగా వాడే యంత్రాన్ని 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తయారుచేశాడు. అదే బ్రీతలైజర్.

బ్రిటన్ ఈ దారికి 1967లో వచ్చింది. స్వయంగా కారు నడపని రవాణా మంత్రి బార్బరా కాసిల్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల పరిమితి తెచ్చారు. పబ్బుల యజమానులు మండిపడ్డారు. మొదటి నెలల్లో వారాంతపు రాత్రుల్లో ప్రమాదాలు బాగా పడిపోయి, తర్వాత మెల్లగా మళ్లీ పెరిగాయి. పట్టుబడే అవకాశం తాము భయపడినంత లేదని జనానికి అర్థమైంది మరి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో అనుమానం ఉన్నా లేకపోయినా ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టాక మరణాలు తగ్గి, ఆ తగ్గుదల నిలబడింది. శిక్ష పెద్దదైతే చాలదు, ఈ రాత్రి నన్నే ఆపుతారేమో అన్న టెన్షన్ ఉండాలి.

ఇంత చేసినా దెబ్బ తగిలినవాడు క్రిమినల్ కోర్టులో సాక్షి మాత్రమే. ఫైను ఖజానాకు పోతుంది. పరిహారం కావాలంటే సివిల్ కోర్టులో మొదటి నుంచీ అన్నీ నిరూపించుకోవాల్సి వచ్చేది. ఇది ఎంత దూరం వెళ్లిందో 1943 నాటి హాలింగ్టన్ కేసు చూపిస్తుంది. రెండు కార్లు గుద్దుకున్నాయి. ఒక డ్రైవరుకు అజాగ్రత్తగా నడిపాడని క్రిమినల్ కోర్టులో శిక్ష పడింది. రెండో కారు నడిపిన కొడుకు సివిల్ విచారణ నాటికి బతికి లేడు. తండ్రి దగ్గర మిగిలింది ఆ శిక్ష తాలూకు కాగితమే. అప్పీలు కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోనంది: అది ఇంకో కోర్టు అభిప్రాయం మాత్రమేనట. దావా ఓడిపోయింది. పావు శతాబ్దం తర్వాత 1968 నాటి సివిల్ ఎవిడెన్స్ చట్టం ఈ నియమాన్ని తీసేసింది. ఇక శిక్ష పడిన డ్రైవరే తన తప్పు లేదని నిరూపించుకోవాలి. నా దృష్టిలో ఊదుడు మిషన్ కంటే బాధితులకు ఎక్కువ మేలు చేసింది ఈ మార్పే. ఊదితే వచ్చిన అంకె ఆధారంగా శిక్ష పడితే, ఆ శిక్ష దావాలోనూ పనికొస్తుంది.

గెలిచినా డబ్బు ఎవరిస్తారు? తాగి నడిపినవాడి జేబు ఖాళీ అయితే తీర్పు కాగితం దేనికి? బ్రిటన్ 1930లో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును తప్పనిసరి చేసింది. కంపెనీలు వెంటనే పాలసీల్లో షరతులు పెట్టాయి. డ్రైవరు శారీరక, మానసిక స్థితి బాగా లేకపోతే మేం కట్టం అనే షరతు బాధితుడి మీద చెల్లదని 1934లో చట్టమే చెప్పాల్సి వచ్చింది. కంపెనీ ముందు బాధితుడికి కట్టాలి, ఆ తర్వాత డ్రైవరు దగ్గర వసూలు చేసుకోవాలి. ఇన్సూరెన్సే లేని బండి గుద్దినవాళ్ల కోసం 1946లో కంపెనీలన్నీ కలిసి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో పెట్టాయి.

మరి తాగినవాడి బండి తెలిసి ఎక్కినవాళ్ల సంగతి? 1939 నాటి డాన్ వర్సెస్ హామిల్టన్ కేసులో, మధ్యలో దిగిపోతున్న స్నేహితుడు లోపల ఉన్నవాళ్లతో మీకు నాకంటే ధైర్యం ఎక్కువే అన్నాడు. జరిగేది ఎలాగూ జరుగుతుందని, కారులోనే ఉండిపోయిన డాన్ అనే ఆమె జవాబిచ్చింది. కాసేపటికే కారు గుద్దుకుంది, డ్రైవరు చనిపోయాడు, ఆమెకు గాయాలయ్యాయి. తెలిసి ఎక్కినంత మాత్రాన హక్కు పోదన్నాడు జడ్జి. తర్వాతి తరం జడ్జీలు అంత ఉదారంగా లేరు. 1977లో ఇలాంటి ప్రయాణికుడికే, ఓవెన్స్ కేసులో, పరిహారం 20 శాతం తగ్గించారు.

అమెరికాలో రెండు ఫైళ్లనూ కలిపింది ఒక తల్లి. 1980లో 13 ఏళ్ల కూతురిని తాగిన డ్రైవరు గుద్ది చంపితే, క్యాండీ లైట్నర్ మ్యాడ్ (తాగి నడపడాన్ని వ్యతిరేకించే తల్లులు) అనే సంస్థ పెట్టారు. అంతకు కొద్ది రోజుల ముందే వాడు ఇంకో కేసులో బెయిలు మీద బయటికొచ్చాడు. అప్పటిదాకా నేర బాధితుల పరిహార నిధులున్న చాలా రాష్ట్రాల్లో తాగి గుద్దితే అది నేరం లెక్కలోకే రాలేదు, యాక్సిడెంట్ అంతే. కేంద్ర సాయం కావాలంటే ఈ బాధితులనూ చేర్చాల్సిందేనని 1988లో చట్టం సవరించారు. అక్కడ బాధ్యత సీసా అందించిన చేతి దాకా కూడా వెళ్లింది. 1984లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు, ఇంటికొచ్చిన అతిథి బాగా తాగాడనీ బండి నడుపుతాడనీ తెలిసి ఇంకా పోస్తే, గుద్దించుకున్నవాళ్లకు ఆతిథ్యం ఇచ్చినవాడూ జవాబుదారే అంది. 2006లో కెనడా సుప్రీం కోర్టు అంత దూరం వెళ్లలేదు. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఇప్పుడు విడ్‌మార్క్ అంకె దగ్గరికి రండి. రక్తం తీయడం నాలుగు గంటలు ఆలస్యమైతే సుమారు 60 మిల్లీగ్రాములు మాయం. గీత దాటినవాడు గీత లోపలికి వచ్చేస్తాడు. దాంతో పోలీసుల కేసు ఒక్కటే కాదు, గాయపడిన మనిషి దావా కూడా నీరసపడుతుంది. అందుకే ఇలాంటి కేసులు చూసే లాయర్లు ముందు అడిగేది రక్తం ఏ టైముకి తీశారు, ఎవరు తీశారు, శాంపిల్ ఎక్కడుంది అని.

మందు సంగతి ఇలా ఉంటే, గంజాయి దగ్గర అంకె కూడా సరిగ్గా సాయం చెయ్యదు. రోజూ తాగేవాడి రక్తంలో మత్తు దిగిపోయాక కూడా దాని జాడ ఉంటుంది, కాబట్టి ఎంత ఉంటే ఎంత మత్తు అని చెప్పడం కష్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015లో దానికీ ఒక పరిమితి పెట్టారు. చాలాచోట్ల మాత్రం పోలీసులు ఇంకా డ్రైవరును గీత వెంట నడిపించి, కళ్లలోకి లైటు వేసి చూస్తున్నారు.