క్షవరానికి అంత దూరం ఎందుకంటే

చెన్నై, పెరంబూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మన అపార్ట్‌మెంటు కిందనే ఏసీ సెలూన్ ఉండగా, నేను క్షవరానికి బస్సెక్కి పాత చాకలిపేట దాకా ఎందుకు వెళతానని సెలవుల్లో మీరిద్దరూ అడిగారు. "అక్కడి కబుర్ల కోసం" అని నాయనమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. ఆమె చెప్పింది నిజమే గాని, ఆ కబుర్లు ఎలా పుడతాయో చెప్పలేదు.

ఆ దుకాణంలో కుర్చీలు రెండు, బెంచీ ఒకటి. క్షవరం జరిగేది కుర్చీలో, ఊరు పోగయ్యేది బెంచీ మీద. ఆదివారం పొద్దున నలుగురి తరువాత వెళ్ళినవాడు గంటసేపు కూర్చోక తప్పదు. అలా కూర్చున్న అందరికీ కలిపి ఒక్కటే పత్రిక, 1942 నుంచి వస్తున్న దినతంతి. దాన్ని విడదీసి ఒకరు సినిమా పుట, ఒకరు క్రికెట్ పుట పట్టుకుంటారు. తన పుట ముందుగా అయిపోయినవాడు పక్కవాడి చేతిలోకి తొంగిచూస్తాడు, మాట అక్కడ మొదలవుతుంది. గూడూరు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు తమిళం చదవడం రాదు. ఆ పెద్ద పెద్ద శీర్షికల మీద వేలుపెట్టి, పక్కనున్న ఒక పెద్దాయన కూడబలికిస్తుంటే నేర్చుకున్నాను. మన క, ఖ, గ, ఘలు నాలుగింటికీ తమిళంలో ఒకే అక్షరం కావడంతో, గాంధీ గారిని "కాంది" అని చదివి బెంచీనంతా నవ్వించాను. మా మొదటి అద్దె పోర్షన్ కబురు కూడా నాకు అక్కడే అందింది.

మీ నాన్న మొదటి కటింగ్ ఆ దుకాణంలోనే. చిన్నపిల్లలు వస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్కపలక వేసి, తల అందేటట్టు దానిమీద కూర్చోబెడతారు. మెడకు గుడ్డ చుట్టగానే మీ నాన్న రాగం అందుకున్నాడు. ఎదురెదురు అద్దాల్లో ఒకదాని వెనుక ఒకటిగా కనబడే తన తలలను లెక్కపెట్టమని బెంచీ మీదివాళ్ళు పురమాయించారు. వాడు పదకొండు దాకా వచ్చేసరికి పని పూర్తయింది.

మా చిన్నప్పుడు గూడూరులో పెళ్ళికి సన్నాయి వాయించేవారూ, పురుళ్ళు పోసేవారూ, పుండ్లకు మందు వేసేవారూ ఈ వృత్తి కుటుంబాలవారే కనుక వారికి తెలియని గడప ఉండేది కాదు. అయినా వారి కులం పేరును తిట్టుగా వాడేవారు. ఇంకొకటి కూడా దాచకూడదు. దళితులకు క్షవరం చేయనివ్వని కట్టుబాటు ఎన్నో పల్లెల్లో ఉండేది. కులం పేరుతో ఎవరినీ దుకాణంలోకి రాకుండా ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది, 1955 నాటి చట్టం అంటరానితనాన్ని పాటించడాన్ని శిక్షార్హం చేసింది. అయినా అటువంటి ఫిర్యాదులు నేటికీ అక్కడక్కడా వినబడుతున్నాయి. చాకలిపేట బెంచీ మీద ఎవరు ముందు వస్తే వారిదే వంతు. నాకు ఆ దుకాణం మీద గౌరవం కలిగింది కబుర్లకంటే ముందు ఇందుకే.

ఇంట్లో ఎవరూ పైకి అనని మాటలు కూడా అక్కడ వినబడేవి. 1986లో దేశంలో మొట్టమొదటగా హెచ్‌ఐవీ మన మద్రాసులోనే బయటపడింది. ఆ జబ్బు గురించి నలుగురు మాట్లాడుకోగా నేను మొదట విన్నది బెంచీ మీదే. ఆ తరువాత పాత మంగలికత్తి మూలపడింది. దుకాణం ఆయన మన కళ్ళ ఎదుటే కొత్త బ్లేడు కాగితం విప్పి, దాన్ని రెండుగా విరిచి, సగం ముక్కను పిడిలో బిగించి చూపించేవాడు. 2020లో కరోనా మూసివేత తరువాత, వచ్చినవారి పేరు, ఫోను, ఆధార్ నంబరు రాసుకోవాలని ప్రభుత్వం నియమం పెట్టింది. నలభై ఏళ్ళుగా నా తల చూస్తున్న మనిషి నన్ను ఆధార్ అడగలేక పడిన అవస్థ మీరు చూడవలసింది!

తూత్తుకుడిలో పొన్ మారియప్పన్ గారు తన సెలూన్‌లో ఏకంగా గ్రంథాలయమే పెట్టారు. 2020 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆయనతో మాట్లాడారు. వంతు కోసం కూర్చునే ఖాళీ సమయం ఉండబట్టే అక్కడ పుస్తకాలు తెరుచుకుంటున్నాయి. మన కింది సెలూన్‌లో పని శుభ్రంగానే ఉంటుంది, నేను తప్పు పట్టను. కాని ఫోనులో వేళ చెప్పి వెళ్ళి, నేరుగా కుర్చీలో కూర్చుని లేచి వచ్చేయడమే. అక్కడ బెంచీ లేదు.

దసరాకు వచ్చినప్పుడు మిమ్మల్నీ తీసుకువెళతాను. మంగళవారం మాత్రం దుకాణానికి సెలవు, ఆ రోజు దాటాక పెట్టుకుందాం. చిన్నవాడికి చెక్కపలక ఇంకా అవసరమో లేదో ఆయనే చూసి చెబుతాడు.

ఇట్లు,
మీ తాతయ్య