గుండు చేయించుకున్నా గుర్తుపట్టే కెమెరా

తిరుమలలో గది కావాలంటే కౌంటర్లో కెమెరా వైపు చూడాలి. ఖాళీ చేసేటప్పుడూ అదే ముఖం చూపిస్తేనే కాషన్ డిపాజిట్ వెనక్కి వస్తుంది. 2023 మార్చి 1న టీటీడీ ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. గదులు తీసి ఇతరులకు అమ్ముకునే దళారుల ఆట కట్టించాలన్నది ఉద్దేశం.

మధ్యలో కల్యాణకట్ట ఒకటుంది కదా! జుట్టూ గడ్డంతో గది తీసుకున్నాయన నున్నటి గుండుతో తాళంచెవి ఇవ్వడానికొస్తాడు. 1960ల నాటి పద్ధతి అయితే ఇక్కడ తికమకపడేది. అమెరికాలో ఉడీ బ్లెడ్సో బృందం ఫొటో మీద కనుపాపలు, కంటి కొసలు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు చేత్తో గుర్తుపెట్టేది. కంప్యూటర్ వాటి మధ్య దూరాలు పోల్చేది. గంటకు 40 ఫొటోలైతే గొప్ప. 1973లో జపాన్‌లో తకెయో కనాదే ఆ గుర్తులు పెట్టే పనిని కూడా కంప్యూటర్‌కే అప్పగించాడు.

అదంతా కదలని ఫొటోల సంగతి. వీడియోలో ముఖం ఎక్కడుందో అప్పటికప్పుడు పట్టడం 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ అనే పరిశోధకుల వల్ల సులువైంది. కళ్ల ప్రాంతం బుగ్గల కన్నా నల్లగా, ముక్కు దూలం కళ్ల కన్నా తెల్లగా కనిపిస్తుంది. నొసట నామం ఉన్నా ఈ తేడా ఎక్కడికీ పోదు. ఇలాంటి వెలుగునీడల్ని లెక్కగట్టి, ముఖం కాని భాగాలను మొదటి రెండు మూడు పరీక్షల్లోనే పక్కకు తోసేయడం వాళ్ల కిటుకు. తూర్పారబట్టినప్పుడు పొట్టు ఎగిరిపోయినట్టు, గోడలూ చొక్కాలూ ముందే పోతాయి. దాంతో ఆనాటి మామూలు కంప్యూటర్ చిప్ 700 మెగాహెర్ట్జ్ పెంటియం 3 మీదే సెకనుకు 15 ఫ్రేములు, అంటే వీడియోలోని 15 బొమ్మలు, చూడగలిగారు.

దొరికిన ముఖం తర్వాతి ఫ్రేములో ఎటు జరిగిందో వెంబడించే లెక్క అంతకుముందే ఉంది. 1981లో లూకాస్‌తో కలిసి దాన్ని ఇచ్చిందీ ఆ కనాదేనే.

తల పక్కకు తిప్పితే మాత్రం 2001 పద్ధతి తడబడేది. క్యూలో ఎవరు నేరుగా చూస్తారు? ఒకరు చంటిపిల్లను భుజాన వేసుకుని వెనక్కి తిరుగుతారు, ఇంకొకరు ఫోన్లో తల దూరుస్తారు. వేల లక్షల ఉదాహరణలు చూసి తామే నేర్చుకునే లోతైన న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాకే ఈ చిక్కు చాలావరకు వీడింది. ఫేస్‌బుక్ 2014లో ముఖాలను గుర్తుపట్టే తన డీప్‌ఫేస్ ప్రోగ్రామ్‌కు సుమారు 40 లక్షల ఫొటోలతో శిక్షణ ఇచ్చింది.

2025 సెప్టెంబరులో వైకుంఠం క్యూ కాంప్లెక్స్-1లో కృత్రిమ మేధతో నడిచే కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. రద్దీ అంచనాకు, తప్పిపోయిన వాళ్లను వెతకడానికి ఇలాంటివి అక్కరకొస్తాయి, కాదనను. కాకపోతే కౌంటర్లో భక్తుడు తెలిసే ముఖం చూపిస్తాడు. కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాయన ముఖాన్ని కెమెరా చూసేముందు ఆయనను ఎవరూ అడగరు. నాకు ఈ రెండూ ఒకటిగా తోచవు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, 2023లో వ్యక్తిగత డేటా చట్టమూ వచ్చింది. ముఖాన్ని ఎన్నాళ్లు దాస్తారో, దేనితో పోలుస్తారో తెలుగులోనూ తమిళంలోనూ క్యూ మొదట్లోనే బోర్డు పెడితే సరిపోతుంది.